పుస్తెలెవరివి, పులసెవరిది?

పోయిన ఏడాది వరదల్లో అన్నయ్య పులస తెచ్చాడు. గోదావరికి ఎర్రనీరు దిగితే సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇలస, తీపి నీళ్ళలోకి వచ్చాక పులస. పేరుతో పాటు ధర కూడా మారిపోయి వేలకి ఎక్కుతుంది. అమ్మ ముందురోజు సాయంత్రమే మట్టిదాకలో పులుసు పెట్టి, సన్నసెగ మీద మరగనిచ్చి, రాత్రంతా కదపకుండా ఉంచి మర్నాడు మధ్యాహ్నం వడ్డించింది. అన్నయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మా వైపు పులస వండిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే మాటే అన్నాడు: "పుస్తెలమ్మైనా పులస తినాలి." అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, "నా నాంతాడు రెండుసార్లు తాకట్టుకెళ్ళింది గానీ పులస కోసం కాదురా. ఒకసారి కౌలు డబ్బులకి, ఒకసారి నీ ఇంజనీరింగు ఫీజుకి" అంది.

చిన్నప్పట్నుంచీ వింటున్న సామెత ఆ రోజు నాకు వేరేగా వినిపించింది. పుస్తెలు ఆడదాని మెడలోవి. అమ్మెయ్యమని సలహా ఇస్తున్నది ఎవరు? ఎవరికి? భార్య మెడలో ఉన్నదాన్ని అమ్మగల హక్కు తనకుందనుకునే మగవాడు సాటి మగవాడితో చెప్పే మాటలా లేదూ ఇది? సామెతలో పుస్తెలున్నాయి, పులస ఉంది, తినే నోరుంది. వండే చెయ్యి మాత్రం ఎక్కడా లేదు. తిండి గురించి మన భాషలో ఇంతగా చెలామణీ అయిన మాటలో వండిన మనిషికి చోటే లేకపోవడం నన్ను ఆలోచనలో పడేసింది.

అప్పటికే నేను ఒక వ్యాసం రాస్తున్నాను, 'అమ్మ చేతి వంట' జ్ఞాపకాల మీద. ఆత్మకథలు, ఆదివారం అనుబంధాలు, ఊరి ముచ్చట్ల వ్యాసాలు చదివే అలవాటున్న వాళ్ళకి ఈ జ్ఞాపకం ఒక సాహిత్య ప్రక్రియలాగే కనిపిస్తుంది. దానికి కొన్ని స్థిరమైన లక్షణాలున్నాయి. కాలం ఎప్పుడూ సెలవులే, సంక్రాంతో వేసవో. చెప్పే మనిషి సాధారణంగా చదువుకో ఉద్యోగానికో ఊరొదిలిన కొడుకు. అమ్మకి పేరుండదు, చెయ్యి ఉంటుంది. ఆ చేతిలో అమృతం ఉంటుంది. కొలతలుండవు. ఏం వేసినా రుచే. ఆమె ఎన్నింటికి లేచిందో, అందరూ తిన్నాక ఆమెకి ఏం మిగిలిందో ఉండదు. చివర్లో ఒక నిట్టూర్పు: "మా ఆవిడ ఎంత శ్రద్ధగా చేసినా ఆ రుచి రాదు." అంటే ఒక స్త్రీని మెచ్చుకోవడానికి కూడా ఇంకో స్త్రీని తక్కువ చెయ్యాల్సిందే!

మా గోదావరి జిల్లాల వాళ్ళ జ్ఞాపకాల్లో వంటకాల జాబితా ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కందబచ్చలి, పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, చింతచిగురు రొయ్యలు, దిబ్బరొట్టె, తరవాణి అన్నం, పాలతాలికలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవ కింద సార్వా, దాళ్వా రెండు పంటలకి అలవాటుపడ్డ నేల మాది. ఆ సమృద్ధి కబుర్లు చెప్పడం మాకిష్టం. అయితే కౌలురైతు ఇంట్లో ఆ సమృద్ధి ఏడాదిలో కొన్నాళ్ళే ఉంటుందనీ, మిగతా రోజుల్లో లేనిదాన్ని ఉన్నట్టుగా వడ్డించే పని ఆడవాళ్ళదేననీ ఆ కబుర్లలో రాదు.

ఇదీ నా వ్యాసంలో మొదటి భాగం. రెండో భాగంలో, ఈ పొగడ్తకి జవాబుగా స్త్రీలు ఏం రాశారో చూడాలనుకున్నాను. విమల 'వంటిల్లు' కవిత ముందు గుర్తుకొస్తుంది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చదివిన వాళ్ళెవరూ దాన్ని మర్చిపోలేరు. ఆ కవిత కూడా చిన్ననాటి కమ్మటి వాసనలతోనే మొదలవుతుంది. కానీ అక్కడ ఆగదు. ఆ వాసనల మధ్య అమ్మ ఎలా అరిగిపోయిందో చూస్తుంది. ఇంత చేసినా గిన్నెల మీద పేరు నాన్నదేనని ఎత్తిచూపిస్తుంది. వంటిల్లు అనే ఏర్పాటునే కూలగొడదామంటుంది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. వీళ్ళకి చాలా ముందే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అరికాళ్ళ క్రింద మంటలు' రాశారు. అందులో బాలవితంతువుకి ఇంటిల్లిపాదీ తలా ఒక పని పురమాయిస్తూనే ఉంటారు. చాకిరీకి అంతులేదని తెలిశాక ఆ పిల్ల రాత్రివేళ జట్కా ఎక్కి వీరేశలింగంగారి తోటకి బయల్దేరుతుంది.

వీరేశలింగంగారి ఇంటి వంటగది కూడా తలుచుకోదగ్గదే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగింది. వెలి భయంతో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానేస్తే రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వండి వడ్డించారు. సంస్కరణ చరిత్రలో ఆమె 'భర్తకి సహకరించిన ఇల్లాలు'. ఆ పూట పొయ్యి వెలగకపోతే ఆ పెళ్ళి ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇంతవరకూ రాసి, పొగడ్త చాకిరీని ఎలా కప్పిపెడుతుందో తేల్చేశానన్న తృప్తితో అమ్మకి చదివి వినిపించాను. అమ్మ పదో తరగతి దాకా చదివింది. వారపత్రికలు వదలకుండా చదివిన తరం ఆవిడది. మొత్తం వింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చాకిరీ అని రాశావు, నిజమే. నడుం పడిపోయిందన్నావు, అదీ నిజమే. కానీ అంతసేపు రాసి, నాకు వంట వచ్చునని మాత్రం ఎక్కడా రాయలేదే!" అంది.

నా దగ్గర జవాబు లేదు. కొడుకులు రాసిన జ్ఞాపకాల్లో ఆమెకున్నది ప్రేమ. నా వ్యాసంలో ఆమెకున్నది బాధ. రెండు చోట్లా ఆమెకి తెలివి లేదు. 'ఏం వేసినా రుచే' అనే మాటకి అర్థం, ఆమె ఆలోచించి వెయ్యలేదనేగా? 'రోజంతా చాకిరీ' అని నేనన్నప్పుడూ ఆ రోజులో ఆమె తీసుకున్న వంద నిర్ణయాలు నాకు కనపడలేదు. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నేను పాఠం వెనక రచయితని వెతకడం నేర్చుకున్నాను గానీ పులుసు వెనక మనిషిని వెతకలేదు.

ఆ తర్వాత నెల రోజులు అమ్మ వండుతుంటే పక్కన కూచుని అడిగాను. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలుపుతావంటే, "దించాక, వేడి కాస్త తగ్గాక. పొయ్యి మీద ఉండగా వేస్తే ఘాటు పోయి చేదు మిగుల్తుంది" అంది. ఆవాలు తడి తగిలి నలిగినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, వేడికి పోతుంది. ఇది రసాయనశాస్త్రం. కంద దురదపెట్టకుండా చింతపండు ఏ దశలో పడాలో, తరవాణి కుండలో గంజి ఏ రోజుకి పులుస్తుందో, చలికాలం ఒక రోజు ఎందుకు ఎక్కువ పడుతుందో, పనసాకు బుట్టకి ముదురాకు ఎందుకు పనికిరాదో అన్నిటికీ ఆవిడ దగ్గర కారణాలున్నాయి. పులస పులుసు ఆ రాత్రే ఎందుకు వడ్డించదో కూడా చెప్పింది. రాత్రంతా ఉంటే పులుపు ముక్కలోకి దిగుతుందట, ముళ్ళు ఎక్కువున్న చేపని గరిటెతో కదిపితే ముక్క చెదిరి తినేవాళ్ళ ప్రాణం మీదికొస్తుందట. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను. "ఎవరడిగారు?" అంది.

నిజంగానే, వంట గొప్ప విద్య అని మన సంప్రదాయం ఒప్పుకోలేదా అంటే ఒప్పుకుంది. కాకపోతే ఆ కీర్తి నలుడికీ భీముడికీ ఇచ్చి 'నలభీమపాకం' అంది. మగవాడు వండితే విద్య, ఆడది వండితే మమకారం. అంగడికి చేరిన వంటకి కూడా మగ పేరే అతుక్కుంటుంది. కాకినాడ కాజా అనగానే కోటయ్య గుర్తొస్తాడు. పూతరేకులకి మాత్రం ఊరి పేరే ఉంది, ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని ఆ కుండ మీద ఒక్క విసురులో లాగితే కాగితంలాంటి రేకు వస్తుంది. క్షణం ఆలస్యమైతే మాడుతుంది. పొగలో, సెగలో కూచుని ఆ రేకు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపు ఊరికి వచ్చింది, చేతికి ఎప్పుడొస్తుందో చూడాలి.

సాహిత్య చరిత్రకీ ఇదే జబ్బుంది. మాలతీ చందూర్ గారికి 1992లో 'హృదయనేత్రి' నవలకి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మేం పరిశోధకులం ఆ నవల మీద రాస్తాం. 'ఆంధ్రప్రభ' వారపత్రికలో ఆవిడ దశాబ్దాలపాటు నడిపిన 'ప్రమదావనం' గురించి ఒక వాక్యం రాస్తాం. 'వంటలు - పిండివంటలు' పుస్తకాన్ని అసలు లెక్కలోకే తీసుకోం. అమ్మ బీరువాలో ఉన్న ఏకైక తెలుగు వచన గ్రంథం అది. అట్ట ఊడిపోయింది, నూనె మరకలు. మార్జిన్లలో అమ్మ పెన్సిల్‌తో రాసుకున్న సవరణలు చూశాను: 'చక్కెర ఎక్కువ', 'మనకి కొబ్బరి సగం చాలు', ఒకచోట 'ఇది తప్పు' అని. ఇంటూ గుర్తు కూడా పెట్టింది. నేను పిహెచ్‌డీలో చేసిన పని ఇదేగా! ఒక గ్రంథాన్ని తన అనుభవంతో పోల్చి చూసి, ఒప్పుకోవాల్సినచోట ఒప్పుకుని, కాదనాల్సినచోట కాదనడం. దానికి నాకు పట్టా ఇచ్చారు.

అమ్మని ఒక రోజు సూటిగా అడిగాను. "నువ్వు ఇన్నేళ్ళలో వండినవాటిలో నీకు బాగా కుదిరింది ఏది?" పులస అంటుందనుకున్నాను. పనసపొట్టన్నా అంటుందనుకున్నాను. మేమందరం లొట్టలేసేవి అవే కదా. అమ్మ ఆలోచించుకోనైనా లేదు. "ఎనభై ఆరు వరదల్లో గట్టుమీద పెట్టిన గుమ్మడికాయ పులుసు" అంది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద డెల్టాలో పెద్దవాళ్ళందరికీ గుర్తే. మా లంక మొత్తం మునిగింది. అమ్మకి అప్పటికి ఇరవయ్యొక్కేళ్ళు, కాపరానికి వచ్చి రెండేళ్ళు. ఏటిగట్టు మీద నలభై మంది దాకా చేరారు. ఉన్నవి రెండు గుమ్మడికాయలు, తడిసిన చింతపండు, ఒక బెల్లం ముక్క, ఎవరో పట్టుకొచ్చిన ఎండుచేపల మూట. బియ్యం ఉన్నాయి. ఉప్పు కరిగిపోయింది. "ఎండుచేపల్లో ఉప్పుంటుందిగా. అవి ముందు నానబెట్టి, ఆ నీళ్ళు పారబొయ్యకుండా వాటితోనే ఉప్పు సరిచేశాను. తడి కట్టెలు అంటుకోకపోతే గూటి మీద ఉన్న కొబ్బరి డొక్కలు తెప్పించాను. పెద్దవాళ్ళు ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెబుతున్నారు. నేను ఎవరి మాటా వినలేదు. పులుసు కుదిరింది. మీ నాయనమ్మ మొదటిసారి నన్ను బాగుందంది." ఆ మాట చెబుతున్నప్పుడు అమ్మ మొహం నేనెప్పుడూ చూడని మొహం.

నేనూ అన్నయ్యా అప్పటికింకా పుట్టలేదు. మా అమ్మ అన్నిటికన్నా గొప్పగా చేసిన వంట మా ఇద్దరి నాలుకల మీదా లేదు! 'అమ్మ చేతి వంట' జ్ఞాపకాలన్నీ తిన్నవాళ్ళ జ్ఞాపకాలు. వండినవాళ్ళ జ్ఞాపకాలు వేరే ఉన్నాయి. వాటిలో రుచి ఒక్కటే కొలత కాదు. చేతిలో ఏమీ లేనప్పుడు ఏం చెయ్యగలిగాను, ఎవరి మాట కాదని నా మాట నిలబెట్టుకున్నాను అనేవి కూడా కొలతలే. విమర్శకులుగా మనం తిన్నవాళ్ళ జ్ఞాపకాన్నే సాహిత్యంగా చదువుతూ వచ్చాం. ఆ జ్ఞాపకం మీద కోపంతో రాసిన నాలాంటి వాళ్ళం కూడా ఆ జ్ఞాపకం గీసిన గీతలోనే ఉండిపోయాం.

గట్టు కబురు అక్కడితో అయిపోలేదు. "ఆ రెండ్రోజులూ ఎవరి కులం ఏంటని ఎవరూ అడగలేదు. మూడో రోజు అడిగారు. పేటవాళ్ళకి వేరే పొయ్యి పెట్టించారు" అంది అమ్మ. "నువ్వేమన్నావు?" "నేనేమంటాను? కొత్తకోడల్ని." అందరి మాటా కాదని పులుసు నిలబెట్టిన మనిషే అక్కడ మాట్లాడలేదు. దీన్ని దాచి అమ్మ గొప్పదనం ఒక్కటే రాస్తే నేనూ పొగడ్తే రాసినట్టవుతుంది.

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనలు 'నల్లపొద్దు'గా వచ్చాక, వంటిల్లు ఆడవాళ్ళందరికీ ఒకటేనని రాయడం ఎవరికీ సాధ్యం కాదు. మేం కాపులం. సంక్రాంతికి మా ఇంట్లో సున్నుండలు చేసేవారు. 'అమ్మ సున్నుండలు' అని హాస్టల్లో నా స్నేహితులందరికీ పేరు తెలుసు. మినుములు విసరడానికి పేట నుంచి ఒకావిడ వచ్చేది. నేను చిన్నప్పుడు నాకన్నా ముప్పయ్యేళ్ళు పెద్దదైన ఆవిడని పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆవిడ నన్ను 'అమ్మాయిగారూ' అనేది. ఇప్పుడు 'పెద్దమ్మా' అంటుంటే ఆవిడకీ నాకూ ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. అయినా వెళ్ళి అడిగాను. ఆవిడ చెప్పింది: "విసరడవొక్కటేనా అమ్మాయిగారూ! పెరట్లో పొయ్యెట్టి మినుములు వేపిందీ నేనే. సున్నుండకి ప్రాణం వేపులో ఉంటది. ఓ పిసరు తక్కువైతే పచ్చివాసన, ఎక్కువైతే చేదు. మీ అమ్మగారు బెల్లం కలిపి, నెయ్యి పోసి చుట్టేవోరు."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ కొంచెంసేపు ఊరుకుని, "వేపు ఆవిడదే. నాకది పట్టుబడలేదు" అంది. విసిరిన చేతికీ వేపిన చేతికీ లేని మైల ఆవిడ గడప దాటి లోపలికొస్తేనే వచ్చేది. చుట్టిన ఉండలు పండగ రోజున ఆవిడకి పెరటి గుమ్మంలోనే ఇచ్చేవాళ్ళం, నాలుగో అయిదో. ఇన్నేళ్ళూ నేను 'అమ్మ చేతి రుచి' అని చెప్పుకున్నదాంట్లో సగం ఇంకో అమ్మ చేతిది. ఆ అమ్మ పిల్లలకి ఆ రుచి తెలుసో లేదో నేనప్పుడు అడగలేదు.

మా జిల్లాలో తిండి పెట్టిన తల్లి అనగానే అందరూ చెప్పే పేరు డొక్కా సీతమ్మగారు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ పేరు వైనతేయ మీది అక్విడక్టుకి పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టింది. ఆవిడ గొప్పతనం మీద నాకే అనుమానమూ లేదు. కానీ 'అన్నపూర్ణ' అని దణ్ణం పెట్టినంత తేలిగ్గా, ఒక వంటిల్లు అంతమందికి ఎలా నడిచిందో మనం అడగం. ఆ వడ్లు దంచినవాళ్ళెవరు, కట్టెలు కొట్టినవాళ్ళెవరు, ఏ పూట ఎంతమంది వస్తారో ఆవిడ ఎలా అంచనా కట్టేది? అదే పథకం కింద ఈ రోజు బళ్ళలో వండుతున్న ఆడవాళ్ళకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. వెయ్యి రూపాయలుగా ఉన్నదాన్ని 2019లో నెలకి 3000 చేశారు. వంటని అమ్మతనంగా పూజించే చోట కూలి అడగడం తప్పులా అనిపిస్తుంది. పొగడ్తకి ఖర్చు లేదు కదా!

వ్యాసం తిరగరాశాను. పాత దాంట్లో ఉన్నవేవీ అబద్ధాలు కావు, చాకిరీ చాకిరీయే. అమ్మ కూడా ఆ మాట కొట్టెయ్యమనలేదు. దాని పక్కన ఇంకో మాట చేర్చమంది, అంతే. ఇప్పుడు నా నోటు పుస్తకంలో ఒక పేజీలో అమ్మ చెప్పినవి, ఎదురు పేజీలో పేట పెద్దమ్మ చెప్పినవి రాస్తున్నాను. చాలాచోట్ల ఒకరి పేజీ చదవకపోతే ఇంకొకరి పేజీ అర్థం కాదు.

ఈ వ్యాసంలో ఇద్దరి పేర్లూ వెయ్యాలని అనుకున్నాను. ఇద్దరూ వద్దన్నారు. అమ్మ, "ఊళ్ళో నవ్వుతారే, వంటకి కూడా పేరేంటని" అంది. పెద్దమ్మ మాత్రం నా వైపు తేరిపార చూసి, "పేరేత్తే కూలేమన్నా పెరుగుద్దేటండీ?" అంది.